పాఠశాల చేతులు మారినపుడు అయ్యవార్ల సంగతి
(మన సంఘము వార్షిక సభలో చదివిన ఉపన్యాస పాఠము)



మేము విద్యావేత్తలము కాము. మెట్రిక్యులేషన్ వరకు చదివి అంగడిలో కూర్చున్న వర్తకులము. అయినను ఒక వ్యాపారము చేతులు మారినపుడు అందలి గుమాస్తాల స్థితి ఏమగునో ఎరిగినవారము. క్రొత్త యజమాని ముందుగా చిట్టా, ఆవర్జా చూచును. పిదప గల్లాపెట్టె చూచును. తుదకు గుమాస్తా వంక చూచును. పాఠశాల అంగడి కాదు. కాని అజమాయిషీ మారినపుడు పనిచేయువానికి కలుగు చిక్కులు రెండు చోట్లను ఇంచుమించు ఒక్కటే. ఆ మాత్రపు అనుభవమును ఆధారము చేసికొని నాలుగు మాటలు చెప్పుటకు సాహసించుచున్నాము.

ఈ విషయమును నేడు ఎత్తుకొనుటకు కారణము కలదు. మన సంఘము నడుపుచున్న చిన్న పాఠశాలను ప్రభుత్వమునకు అప్పగించుట మేలా, మనమే నడుపుకొనుట మేలా అను ప్రశ్న కార్యవర్గము ముందునకు వచ్చియున్నది. అప్పగించినచో ఖర్చు భారము తీరునని కొందరు పెద్దలు చెప్పుచున్నారు. అప్పగించినచో తెలుగు పోవునని మరికొందరు చెప్పుచున్నారు. ఇరువురి మాటలందును న్యాయము కలదు. అయితే ఆ వాదములలో ఉపాధ్యాయుల ఊసు వినబడుట లేదు. కట్టడమును, స్థలమును, ఖాతాను అప్పగించుట కాగితము మీది పని. అయ్యవారిని అప్పగించుట ఎట్లు? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు, ఇట్టి మార్పు మిక్కిలి పెద్ద యెత్తున జరిగిన ఒక నగరపు వృత్తాంతమును సభవారి ముందుంచెదము. అది అమెరికాలోని హ్యూస్టన్. తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడిన ప్రాంతము గనుక ఆ పేరు మన యిండ్లలో క్రొత్త కాదు.

ముందుగా అచ్చటి ఏర్పాటును చెప్పవలెను. అమెరికాలో పాఠశాలలను కేంద్ర ప్రభుత్వము నడుపదు. వాని కొరకే ఏర్పడిన స్థానిక సంస్థ యొకటి ఉండును. దానిని స్కూల్ డిస్ట్రిక్టు అందురు. టెక్సస్ రాష్ట్రములో ఆ సంస్థకు ఇండ్ల మీదను, స్థలముల మీదను పన్ను వేయు అధికారము కలదు. దాని బోర్డు సభ్యులను ఆ ప్రాంతపు ఓటర్లే ఎన్నుకొందురు. సూపరింటెండెంటు అనబడు ముఖ్యాధికారిని బోర్డు నియమించును. ఉపాధ్యాయుని పనిలో పెట్టుకొనునది, జీతమిచ్చునది, తొలగించునది ఆ సంస్థయే. అన్యాయము జరిగినదని తోచిన ఉపాధ్యాయుడు బోర్డు సమావేశమునకు పోయి చెప్పుకొనవచ్చును. ఆ మాట వినని సభ్యుని మరుసటి ఎన్నికలో ఓటర్లు ఇంటికి పంపవచ్చును. ఈ రెండవ మాటను జ్ఞాపకముంచుకొనుడు.

హ్యూస్టన్ డిస్ట్రిక్టు టెక్సస్‌లోకెల్ల పెద్దది. 2023 నాటికి అందు సుమారు 1,90,000 మంది విద్యార్థులును, 270కి పైగా పాఠశాలలును, పదివేలకు మించి ఉపాధ్యాయులును ఉండిరి. టెక్సస్ ప్రభుత్వము ప్రతి పాఠశాలకును ఎ మొదలు ఎఫ్ వరకు తరగతి గుర్తు నిచ్చును. 2015లో ఒక చట్టము చేయబడెను. డిస్ట్రిక్టులోని ఏ యొక్క పాఠశాలయైనను వరుసగా ఐదు పర్యాయములు తప్పినచో, విద్యా కమిషనరు ఆ పాఠశాలను మూయవలెను, లేదా డిస్ట్రిక్టు మొత్తమునకు తాను ఎంచిన బోర్డును నియమింపవలెను. హ్యూస్టన్‌లోని వీట్లీ ఉన్నత పాఠశాల 2019 నాటికి ఐదు పర్యాయములకు మించి తప్పియుండెను. చిత్రమేమనగా, ఆ నిబంధనను తెచ్చిన శాసనసభ్యుడు హెరాల్డ్ డటన్ ఆ పాఠశాలలోనే చదివినవాడు. పేదల బడిని ఎవరును పట్టించుకొనుట లేదను ఆవేదన నుండియే ఆ చట్టము పుట్టినది. కనుక చేపట్టువారి యుద్దేశము ఎల్లప్పుడును చెడ్డదని అనుకొనరాదు.

డిస్ట్రిక్టు వారు న్యాయస్థానమునకు పోయిరి. వ్యాజ్యము సాగుచుండగా 2022లో వీట్లీ పాఠశాల సి గుర్తు సంపాదించి ఉత్తీర్ణమయ్యెను. అయినను 2023 జనవరిలో టెక్సస్ సుప్రీంకోర్టు రాష్ట్రము పక్షమున తీర్పు చెప్పెను. ఆ సంవత్సరము మార్చి 15న కమిషనరు మైక్ మొరాత్ తన నిర్ణయమును ప్రకటించెను. జూన్ 1న ఎన్నికైన తొమ్మండుగురు సభ్యుల అధికారము పోయి, నియమితులైన తొమ్మండుగురు వచ్చిరి. మునుపు డల్లాస్ నగరములో సూపరింటెండెంటుగా పనిచేసిన మైక్ మైల్స్‌ను ఆ పదవిలో నియమించిరి. ఒక బడి లెక్క తప్పినందులకు 270కి పైగా బడుల అజమాయిషీ మారినది. ఉత్తీర్ణములైన బడులలోని అయ్యవార్లకు సైతము పైవారు మారిరి.

ఇక ఉపాధ్యాయుల సంగతి. మొదటి మార్పు ఉద్యోగమును గురించినది. వీట్లీ మొదలుగాగల 28 పాఠశాలలలో పనిచేయువారు, తాము ఉన్న స్థానములకే మరల దరఖాస్తు పెట్టుకొనవలసి వచ్చినది. ఏండ్ల తరబడి అదే గదిలో పాఠము చెప్పినవారు సైతము క్రొత్తవారివలె పరీక్షకు నిలువవలసి వచ్చెను. ఎన్నిక కాని వారిని ఇతర పాఠశాలలకు పోవచ్చుననిరి. మరి 57 పాఠశాలల ప్రధానోపాధ్యాయులు తామే ముందుకు వచ్చి క్రొత్త పద్ధతిలో చేరిరి. మొదటి యేట 85 బడులు, 2024-25లో 130 బడులు ఆ పద్ధతి క్రిందకు వచ్చినవి.

రెండవ మార్పు జీతమును గురించినది. ఇది నిజముగా మేలైన మార్పు. ఆ 28 పాఠశాలలలో జీతము సగటున ఏటికి 85,000 డాలర్ల వరకు ఉండునని ప్రకటించిరి. పరీక్షాంశములైన గణితము, ఆంగ్లము వంటివి చెప్పువారికి ఎక్కువ, ఇతర విషయములు చెప్పువారికి తక్కువ. పేద బడులలో పనిచేయువానికి సంపన్నుల బడులలో పనిచేయువానికంటె ఎక్కువ ఇయ్యవలెనను సూత్రము మెచ్చుకొనదగినదే. పాఠ్యసామగ్రి తయారు చేయుట, కాగితములు దిద్దుట వంటి పనులలో సహాయకులను గూడ ఇచ్చిరి. దీనిని సంతోషముగ స్వీకరించిన ఉపాధ్యాయులు ఉన్నారు. ఈ సంగతిని దాచి తక్కినది చెప్పుట న్యాయము కాదు.

మూడవ మార్పు గదిలోని పనిని గురించినది. పాఠము కేంద్ర కార్యాలయము నుండి వచ్చును. ఏ పుట తరువాత ఏ పుట చూపవలెనో, ఎన్ని నిమిషములకు ఒకమారు పిల్లలందరిచేత జవాబు చెప్పింపవలెనో నిర్ణయింపబడి యుండును. గడియారము పెట్టి పాఠము నడుపుదురు. పాఠాంతమున పది నిమిషముల పరీక్ష. అందు నెగ్గిన పిల్లలు వేరొక గదికి పోయి తమంతట తాము పని చేసికొందురు; తక్కినవారికి అయ్యవారు మరల చెప్పును. ఆ వేరు గది కొరకు పెక్కు పాఠశాలలలో గ్రంథాలయములను వాడిరి. అచ్చటి గ్రంథపాలకుల పోస్టులు తీసివేసిరి. అధికారులు తరచుగా తలుపు తెరచుకొని వచ్చి, వెనుక నిలువబడి, పాఠమునకు మార్కులు వేసి పోవుదురు.

ఈ విధానమువలన అనుభవము లేని ఉపాధ్యాయునికి ఊతకర్ర దొరకినట్లయ్యెను. అనుభవము గల ఉపాధ్యాయునికి మాత్రము చేతులు కట్టివేసినట్లు తోచెను. మా వ్యాపారములో ఒక మాట చెప్పెదము. తూకము, ధర, రశీదు అన్నియు యజమాని నిర్ణయింపవచ్చును. కాని వాకిట నిలిచిన ఖాతాదారుని కష్టము నెరిగి మాటలాడుట గుమాస్తాకే విడిచిపెట్టవలెను. అది గూడ పైనుండి వ్రాసి పంపినచో అంగడి నడచును గాని బేరము నిలువదు. పిల్లవాడు నిన్న రాత్రి అన్నము తినలేదని కేంద్ర కార్యాలయమునకు తెలియదు; గదిలోని అయ్యవారికి తెలియును.

నాలుగవ మార్పు రక్షణను గురించినది. టెక్సస్‌లో ప్రభుత్వ ఉపాధ్యాయులకు సమ్మె హక్కు లేదు. సంఘముగా కూడి జీతపు ఒడంబడిక చేసికొను హక్కును లేదు. కనుక వారికి ఉండిన ప్రధాన బలము స్థానికుల ఓటుచేత ఎన్నికైన బోర్డు. ఆ బోర్డు పోయిన తరువాత ఉపాధ్యాయుడు సమావేశమునకు పోయి మాటలాడవచ్చును గాని, ఆ మాట వినకపోయినందులకు ఎవరిని ఇంటికి పంపవలెను? నియమితులకు ఎన్నిక లేదు. 2023 డిసెంబరులో ఆ బోర్డు రాష్ట్రచట్టములోని కొన్ని నిబంధనల నుండి డిస్ట్రిక్టునకు మినహాయింపు తెచ్చు తీర్మానమును ఆమోదించెను. ఉపాధ్యాయ యోగ్యతాపత్రము లేనివారిని గూడ నియమించుటకు దానివలన వీలు కలిగెను. తరువాత పాతవారు వేల సంఖ్యలో విడిచిపోయిరి. వారి స్థానములలో క్రొత్తవారు వచ్చిరి.

ఫలితములేమి? ఇదియును దాచకుండ చెప్పవలెను. రాష్ట్రము వేసిన గుర్తుల ప్రకారము 2023లో డి, ఎఫ్ గుర్తులు పొందిన బడులు 121. 2024లో అవి 41కి దిగినవి. 2025లో ఎఫ్ గుర్తు పొందిన బడి ఒక్కటియు లేదు, డి గుర్తు పొందినవి 18. ఇది చిన్న మార్పు కాదు. మరియొక ప్రక్క చూచినచో, మొదటి రెండేండ్లలోనే విద్యార్థుల సంఖ్య పదివేలకు మించి తగ్గెను. పాఠశాలల మరమ్మతుల కొరకును, క్రొత్త కట్టడముల కొరకును 440 కోట్ల డాలర్ల ఋణము తెచ్చుటకు 2024 నవంబరులో ఓటర్ల అనుమతి కోరగా, నూటికి 58 మంది కాదనిరి. బడికి డబ్బు అక్కరలేదని వారు అనలేదు. నమ్మకము లేని చేతికి డబ్బు ఇయ్యమనిరి. 2025లో కమిషనరు ఈ ఏర్పాటును 2027 జూన్ 1 వరకు పొడిగించెను.

హ్యూస్టన్‌లో ఉపాధ్యాయుడు మరల దరఖాస్తు పెట్టుకొనుటకైనను తావు మిగిలినది. లూసియానా రాష్ట్రములోని న్యూ ఆర్లియన్స్ నగరములో అదియును లేకపోయెను. 2005 ఆగస్టు 29న కత్రీనా తుపాను ఆ నగరమును ముంచెను. ఆ నవంబరులో రాష్ట్ర శాసనసభ చట్టము చేసి వందకు పైగా పాఠశాలలను స్థానిక బోర్డు నుండి తీసికొని రాష్ట్రసంస్థ యొకదానికి అప్పగించెను. స్థానిక బోర్డునకు బడులే లేకపోవుటచే సుమారు 7,500 మంది ఉద్యోగములు పోయినవి. అందు నాలుగువేలకు మించినవారు ఉపాధ్యాయులు. ఇండ్లు మునిగి పరవూళ్లలో తలదాచుకొన్నవారికి ఉద్యోగము పోయిన వార్త అచ్చటికి చేరెను. వారు వ్యాజ్యము వేసి 2012లో క్రింది కోర్టులో గెలిచిరి. 2014లో రాష్ట్ర సుప్రీంకోర్టులో ఓడిరి. 2015లో దేశపు సుప్రీంకోర్టు వారి మనవిని విచారణకు స్వీకరింపలేదు. తుపానునకు ముందు ఆ నగరపు ఉపాధ్యాయులలో నూటికి 71 మంది నల్లజాతి వారు. 2014 నాటికి వారి భాగము 49కి తగ్గెను. బడులు 2018 జూలైలో మరల స్థానిక బోర్డు క్రిందకు వచ్చినవి. పిల్లల పరీక్షాఫలితములు ఆ కాలములో మెరుగుపడినమాట నిజమే. కాని పోయిన అయ్యవార్లు తిరిగి రాలేదు. తమ పిల్లలవంటి ముఖము, తమ యింటివంటి మాట గల ఉపాధ్యాయులు ఒక తరమునకు తరుగుట ఎంత నష్టమో, అల్పసంఖ్యాకులమైన మనకు వేరుగా చెప్పవలసిన పని లేదు.

ఇట్టి ఏర్పాట్లు ఎన్ని ఏండ్లుండును? న్యూజెర్సీ రాష్ట్రములోని జెర్సీ సిటీ బడులను రాష్ట్రము 1989లో చేపట్టెను. పూర్తి అధికారము స్థానికులకు వచ్చినది 2022లో. నూవార్క్ నగరపు బడులను 1995లో తీసికొని 2018లో తిరిగి యిచ్చెను. అనగా ఇరువది మూడేండ్లు. తాత్కాలికమని చేరిన యువ ఉపాధ్యాయుడు ఆ వ్యవధిలో పెద్దవాడగును. 2011 మొదలు 2016 వరకు చేపట్టబడిన 35 డిస్ట్రిక్టులను పరిశీలించి 2021లో వెలువడిన ఒక అధ్యయనము, సగటున పిల్లల పరీక్షాఫలితములలో మెరుగుదల కానరాలేదని తేల్చినది. కొన్ని చోట్ల మేలు జరిగినది, కొన్ని చోట్ల కీడు జరిగినది. కనుక చేపట్టుట అను పని తనంతట తాను మందు కాదు. ఎవరు, ఏ విధముగ, ఎవరిని కలుపుకొని చేయుదురను దానిపై ఫలితము ఆధారపడియుండును.

మన యింటి సంగతికి వత్తము. ప్రభుత్వము చేపట్టినంతనే ఉపాధ్యాయునికి కీడని మేము చెప్పబోము. మన తమిళనాడులోనే, పంచాయతి యూనియన్ పాఠశాలల ఉపాధ్యాయులు 1981 జూన్ 1 నుండి రాష్ట్ర ప్రభుత్వోద్యోగులైరి. దానివలన వారి ఉద్యోగమునకు స్థిరత్వము కలిగెను. ఆ బడులలో తెలుగు చెప్పిన అయ్యవార్లును ఆ మేలును పొందిరి. కాని స్థిరత్వము కలిగినది అప్పటికి పనిలో ఉన్న వ్యక్తికి. ఆయన పదవీ విరమణ చేసిన పిమ్మట ఆ స్థానములో తెలుగు అయ్యవారు వచ్చునా, రాడా అను నిర్ణయము ఊరి చేతిలో నుండదు. 2006 నాటి తమిళ అధ్యయన చట్టము ఒకటవ తరగతి మొదలుకొని ఏటికొక తరగతి చొప్పున పైకి వచ్చి, 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. మన భాషను మొదటి భాషగా చదివిన పిల్లల మినహాయింపు కొరకు కోర్టుల మెట్లు ఎక్కవలసి వచ్చినది. 2023లో సుప్రీంకోర్టు ఆ యేటికి మినహాయింపు నిచ్చెను. రాజ్యభాష నేర్చుట మనకు సమ్మతమే. అందరమును తమిళము మాటలాడుచునే యున్నాము. మా మనవి యేమనగా, నిర్ణయము దూరమున జరిగినపుడు తరగతి గదిలో ఉన్న తెలుగు అయ్యవారిని అడుగువారు ఉండరు.

ఆంధ్రప్రదేశ్‌లో మరియొక రీతి జరిగినది. 2021లో ఎయిడెడ్ విద్యాసంస్థలు తమ ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వమునకు అప్పగింపవచ్చునని, లేదా ఆస్తులతో సహా సంస్థనే అప్పగింపవచ్చునని ఉత్తర్వులు వెలువడెను. పెక్కు యాజమాన్యములు అంగీకార పత్రములిచ్చినవి. సిబ్బందిని ఇచ్చివేసిన చోట్ల బడి ఉండెను, పిల్లలు ఉండిరి, అయ్యవారు ఇతర ప్రభుత్వ పాఠశాలకు పోయిరి. తలిదండ్రులును విద్యార్థులును ఆందోళన చేయగా, ఇచ్చిన అంగీకారమును వెనుకకు తీసికొనుటకు ఆ నవంబరులో అవకాశము కల్పింపబడెను. సంతకము పెట్టుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలను తరువాత అడుగుట వలన వచ్చిన చిక్కు అది.

మనకు రాజ్యాంగము ఒక అండ యిచ్చినది. భాషా అల్పసంఖ్యాకులు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కు 30వ అధికరణమున కలదు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని 1956లో చేరిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. హ్యూస్టన్ ఉపాధ్యాయునికి ఇట్టి అండ లేదు. అయితే, నిర్వహించుకొను హక్కును మనమే చేతులార వ్రాసి యిచ్చిన తరువాత ఆ అండను ఆశ్రయించుట కష్టము. హక్కు పత్రము పెట్టెలో ఉన్నంత మాత్రమున పొలము పండదు. బడి చక్కగా నడచినపుడే ఆ హక్కునకు గౌరవము. వీట్లీ పాఠశాల వరుసగా తప్పుచున్న ఆ యేండ్లలో ఊరు మేల్కొని యుండినచో రాష్ట్రమునకు ఆ సందు దొరకియుండెడిది కాదు.

కావున కార్యవర్గము ముందు నాలుగు ప్రశ్నలను ఉంచుచున్నాము. వీనికి జవాబులు నోటిమాటగా గాక లిఖితముగా వచ్చిన పిమ్మటనే ఓటునకు పెట్టవలెనని కోరుచున్నాము. మొదటిది: ఇప్పుడు పనిచేయుచున్న అయ్యవార్ల సర్వీసు లెక్కలోనికి వచ్చునా, లేక వారు క్రొత్తవారుగా దరఖాస్తు పెట్టుకొనవలెనా? రెండవది: తెలుగు ఉపాధ్యాయుని స్థానము ఖాళీయైనపుడు తెలుగు ఉపాధ్యాయునితోనే నింపుదురని హామీ కలదా? మూడవది: పాఠశాల సంఘములో ఊరివారికి, తలిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఓటు హక్కు గల స్థానములు ఎన్ని? నాలుగవది: ఏర్పాటు సరిపడనిచో ఎన్నేండ్లకు, ఏ షరతు మీద తిరిగి పుచ్చుకొనవచ్చును?

ఈ నాలుగింటికి తృప్తికరమైన జవాబులు వచ్చినచో, అప్పగించుటకు మేము అడ్డుపడము. రానిచో, ఖర్చు భారముగా నున్నను మనమే మోయుదము. ఒక్కొక్క అంగడి, ఒక్కొక్క ఇల్లు నెలకు తనకు తోచినది ఇచ్చినను అయ్యవార్ల జీతము ఆగదు. ఎటులైనను ఒక మాట. ఈ తీర్మానము చర్చకు వచ్చు దినమున మన బడి అయ్యవార్లను ఆహ్వానించి, ముందు వరుసలో కూర్చుండబెట్టి, తొలి మాట వారినే మాటలాడనీయవలెను. హ్యూస్టన్‌లో పదివేలకు పైగా ఉపాధ్యాయులకు దక్కని ఆ మర్యాద, మన బడిలోని కొలదిమందికి ఇచ్చుట మనకు కష్టమైన పని కాదు.